ఉమ్మడి గోడల నగరం: డబ్లిన్ జార్జియన్ వరుస ఇళ్లు, వాటి సంరక్షణ

ఒక ఇంటి గోడ పక్కింటివారికీ గోడే అయినప్పుడు, ఆ ఇంటిని బాగు చేయాలన్నా, పాడు పెట్టాలన్నా, కూల్చాలన్నా అది ఒక్క యజమాని వ్యవహారంగా మిగలదు. మన అగ్రహారాల్లో, నేతపనివారి పేటల్లో గోడకు గోడ కలిపి కట్టిన ఇళ్లలో ఉన్నవారికి ఈ సంగతి అనుభవమే. ఈ సూత్రం మీదనే ఒక రాజధాని నగరంలోని పేటలకు పేటలు లేచాయి. ఆ నగరం ఐర్లండ్ రాజధాని డబ్లిన్. ఈ పాఠంలో డబ్లిన్‌లోని జార్జియన్ వరుస ఇళ్లను ఎలా కట్టారో, అవి ఎందుకు దెబ్బతిన్నాయో, వాటిని నిలబెట్టడం వెనుక ఉన్న విజ్ఞానశాస్త్రం ఏమిటో తెలుసుకుందాం.

జార్జియన్ అంటే ఏమిటి?

1714 నుంచి 1830 వరకు బ్రిటన్ సింహాసనం మీద వరుసగా జార్జ్ అనే పేరుగల నలుగురు రాజులు కూర్చున్నారు. ఆ కాలపు వాస్తు శైలికి జార్జియన్ అనే పేరు వచ్చింది. అప్పట్లో ఐర్లండ్ బ్రిటిష్ రాజు ఏలుబడిలో ఉన్నా, డబ్లిన్‌లో విడిగా ఒక పార్లమెంటు ఉండేది. సమావేశాల కాలంలో ప్రభువులు, భూస్వాములు, న్యాయవాదులు నగరానికి వచ్చి ఉండేవారు. వారికి హోదాకు తగిన ఇళ్లు కావాలి. ఆ అవసరమే ఈ వీధులకు మూలం.

1720ల నుంచి ల్యూక్ గార్డినర్ అనే ధనికుడు లిఫీ నదికి ఉత్తరాన హెన్రియెట్టా వీధిని రూపొందించాడు. 1757లో పార్లమెంటు చట్టం ద్వారా విశాల వీధుల కమిషన్ ఏర్పడింది. ఇరుకు సందులను కొని, కూల్చి, వెడల్పైన తిన్నని రోడ్లు వేసే అధికారం దానికి ఉండేది. 1762 నుంచి నదికి దక్షిణాన మెరియన్ స్క్వేర్, ఆ తర్వాతి దశాబ్దాల్లో ఉత్తరాన మౌంట్‌జాయ్ స్క్వేర్, దక్షిణాన ఫిట్జ్‌విలియం స్క్వేర్ వెలిశాయి. మధ్యలో తోట, నాలుగు వైపులా వరుస ఇళ్లు: ఇదీ ఒక స్క్వేర్ స్వరూపం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ వరుసలను ఒకే మేస్త్రీ, ఒకే నమూనాతో ఒక్కసారిగా కట్టలేదు. భూమి యజమాని స్థలాన్ని ముక్కలు చేసి దీర్ఘకాలిక కౌలుకు ఇచ్చేవాడు. ఒక్కో నిర్మాణదారుడు రెండో మూడో ఇళ్లు కట్టేవాడు. ఇల్లు రోడ్డుకు ఎంత దూరంలో ఉండాలి, ఎన్ని అంతస్తులు ఉండాలి, ముఖం దేనితో కట్టాలి అనే షరతులు కౌలు పత్రంలో ఉండేవి. అందుకే దూరం నుంచి చూస్తే వరుసంతా ఒకే భవనంలా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే ఇటుక రంగు మారుతుంది, తలుపు మారుతుంది, పక్కపక్క ఇళ్ల కిటికీల వరుస కొద్దిగా ఎగుడుదిగుడవుతుంది. ఈ ఏకత్వం, ఈ చిన్న తేడాలు రెండూ కలిసిందే డబ్లిన్ వీధి అందం.

ఇంటి ముఖాన్ని చదవడం

ఒక మామూలు డబ్లిన్ జార్జియన్ ఇంటికి నేలమాళిగ, దాని మీద నాలుగు అంతస్తులు ఉంటాయి. ముఖం మీద సాధారణంగా అంతస్తుకు రెండో మూడో కిటికీలు. అలంకారం చాలా తక్కువ. అయినా కంటికి హాయిగా ఉంటుంది. ఆ రహస్యమంతా కొలతల పొందికలో ఉంది.

కిటికీలను కింది నుంచి పైకి చూడండి. మొదటి అంతస్తు కిటికీలు అన్నిటికంటే పొడవైనవి. రెండో అంతస్తులో ఎత్తు తగ్గుతుంది. చిట్టచివరి అంతస్తులో కిటికీ దాదాపు చదరంగా మారిపోతుంది. వెడల్పు మాత్రం ఇంచుమించు అదే. ఇది కంటికింపు కోసం వేసిన లెక్కే అయినా, ఇంట్లో ఎవరెక్కడ ఉండేవారో కూడా ఈ కిటికీలు చెబుతాయి. అతిథులను కూర్చోబెట్టే పెద్ద గదులు మొదటి అంతస్తులో ఉండేవి. పై అంతస్తుల్లో పడక గదులు, అన్నిటికంటే పైన పిల్లలు, పనివారు. వంటిల్లు నేలమాళిగలో. కిటికీ ఎత్తును బట్టి ఆ గదిలో ఉన్నవారి హోదా తెలిసిపోతుంది.

పొడవైన కిటికీలకు మరో కారణం కూడా ఉంది. డబ్లిన్ సుమారు 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. చలికాలంలో అక్కడ సూర్యుడు ఆకాశంలో చాలా కిందుగా తిరుగుతాడు. ఎత్తైన కిటికీ ఉంటే వెలుతురు గదిలో లోపలి దాకా చేరుతుంది.

కిటికీ పనిచేసే తీరు కూడా చూడదగ్గది. దానికి పైన ఒకటి, కింద ఒకటి రెండు రెక్కలు. అవి మన కిటికీల్లా పక్కకు తెరుచుకోవు, పైకీ కిందికీ జరుగుతాయి. చట్రం లోపల దాచిన పెట్టెలో ఇనుప లేదా సీసపు బరువులు తాడుకు వేలాడుతుంటాయి. బావి గిలక లాంటి చిన్న గిలక మీదుగా ఆ తాడు రెక్కకు కలుస్తుంది. రెక్క బరువు, ఆ బరువులు సరితూగడం వల్ల అంత పెద్ద కిటికీని చిన్నపిల్లలు కూడా ఎత్తగలరు. పై రెక్కను కొంచెం దించి, కింది రెక్కను కొంచెం ఎత్తితే గదిలోని వేడిగాలి పైనుంచి బయటికి పోతుంది, చల్లగాలి కింది నుంచి లోపలికి వస్తుంది. ఫ్యాను అవసరం లేని గాలి ప్రసరణ ఇది.

అద్దాలు చిన్న చిన్న పలకలుగా ఎందుకున్నాయి? ఆ కాలంలో కరిగిన గాజును గొట్టంతో ఊది, గిరగిరా తిప్పి పళ్లెంలా చదును చేసి, దానిలోంచి పలకలు కోసేవారు. పెద్ద పలక రావడం కష్టం. ఈ గాజు పూర్తిగా చదునుగా ఉండదు. ఎదురింటి ప్రతిబింబం అందులో నీటిలో నీడలా కదులుతుంది. కొత్త గాజు పెడితే ఆ కదలిక పోతుంది. సంరక్షకులు పాత గాజు పలకను కూడా పారవేయనివ్వకపోవడానికి కారణం ఇదే.

ఇక తలుపు. ముఖం మీద ఖర్చంతా ఇక్కడే పెట్టారు. ఇరువైపులా స్తంభాలు, పైన విసనకర్ర ఆకారంలో అద్దాల అర్ధచంద్రం. లోపలి పొడవైన నడవకు పగటి వెలుగు వచ్చేది దానిగుండానే.

వెనుక దాగిన నిర్మాణం

ముందు గోడకు చక్కటి ఇటుకలు. మెట్లకు, నేలమాళిగ ముఖానికి విక్లో కొండల నుంచి తెచ్చిన గ్రానైట్. వెనుక గోడలకు, కనిపించని చోట్ల స్థానిక సున్నపురాయి, నాసిరకం ఇటుక. ఇంటికీ కాలిబాటకూ మధ్య లోతైన పల్లపు వాకిలి ఉంటుంది. నేలమాళిగకు గాలి, వెలుతురు దాని నుంచే. కాలిబాట కింద బొగ్గు నిల్వచేసే కొట్లు ఉండేవి. కాలిబాటలోని గుండ్రటి ఇనుప మూత తీసి బొగ్గును సరాసరి కొట్లోకి పోసేవారు.

పైకప్పు వీధిలోంచి కనిపించదు. ఎత్తైన పిట్టగోడ దాన్ని దాచేస్తుంది. చాలా ఇళ్లకు రెండు వాలు కప్పులు, వాటి మధ్య ఒక లోయలాంటి నీటి కాలువ ఉంటాయి. ఆ కాలువ ఆకులతో పూడుకుంటే వాననీరు నేరుగా ఇంటి నడిబొడ్డులోకి దిగుతుంది. డబ్లిన్‌లో ఎన్నో భవనాల పతనం ఈ చిన్న కాలువతోనే మొదలైంది.

ఇళ్ల మధ్య ఉమ్మడి గోడలు ఈ నిర్మాణానికి వెన్నెముక. పొయ్యిలు, పొగగొట్టాలు వాటిలోనే ఉంటాయి. దూలాల చివరలు గోడల్లోకి చొప్పించి ఉంటాయి. వరుసలో ప్రతి ఇల్లూ పక్క ఇళ్లకు ఆసరాగా నిలుస్తుంది. మధ్యలో ఒక ఇంటిని తీసేస్తే అంతవరకు లోపలి గోడగా ఉన్నది హఠాత్తుగా బయటి గోడ అవుతుంది. వాన తగలడానికి ఉద్దేశించని నాసిరకం ఇటుక మీద వాన కొడుతుంది. పక్క ఆసరా పోయి గోడ వంగడం మొదలవుతుంది. అందుకే కూల్చివేతల తర్వాత మిగిలిన ఇళ్లకు పెద్ద పెద్ద దుంగలు వాల్చి పోటు పెట్టాల్సి వచ్చేది.

ఈ ఇళ్లకు పుట్టుకతో వచ్చిన లోపాలు కూడా ఉన్నాయి. త్వరగా కట్టి అమ్మాలనే తొందరలో ముందు గోడను ఉమ్మడి గోడలతో గట్టిగా కలపని సందర్భాలున్నాయి. గోడ మందంలో కలప పట్టీలు పెట్టారు. అవి కుళ్లితే గోడ బయటికి పొట్ట పడుతుంది. పాతదంతా గట్టిది అనే నమ్మకం ఇక్కడ చెల్లదు.

సున్నం చెప్పే పాఠం

ఈ ఇళ్లను నిలబెట్టిన పదార్థం మనకు బాగా తెలిసినదే: సున్నం. మన కోటలనూ గుళ్లనూ కట్టిన గానుగ సున్నానికి ఇది దగ్గరి చుట్టం. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. దాన్ని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే కార్బన్ డై ఆక్సైడ్ వెళ్లిపోయి పొడిసున్నం మిగులుతుంది. దానికి నీరు కలిపితే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. ఇసుకతో కలిపి గోడలో పెట్టాక, అది గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను నెమ్మదిగా పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. రాయి మళ్లీ రాయిగా మారే ఈ చక్రం పూర్తి కావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

సున్నానికి రెండు గుణాలున్నాయి. ఒకటి, అది ఇటుక కంటే మెత్తన. గోడ కొద్దిగా కదిలితే సున్నం సర్దుకుంటుంది, ఇటుక పగలదు. రెండు, దానిలోని సన్నని రంధ్రాల గుండా తేమ బయటికి ఆరిపోతుంది. ఇలాంటి గోడ వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. తడవకుండా చేయడం దాని పద్ధతి కాదు, తడిసినదాన్ని ఆరనివ్వడమే దాని పద్ధతి.

ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతు పేరుతో ఇటుకల సందుల్లో సిమెంటు నింపారు. సిమెంటు గట్టిది, తేమను సులభంగా పోనివ్వదు. గోడలోని తేమకు ఇటుక ఒక్కటే దారిగా మిగిలింది. చలికాలంలో ఇటుక ముఖం దగ్గర చేరిన నీరు గడ్డకడుతుంది. నీరు మంచుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఇటుక పెచ్చులు ఊడిపోతాయి. కొన్నాళ్లకు సిమెంటు గీతలు నిలిచి, వాటి మధ్య ఇటుకలు లోపలికి అరిగిపోయిన గోడ కనిపిస్తుంది. రెండు వందల ఏళ్లు నిలిచిన ఇటుకను బలమైన మందే చంపిందన్నమాట.

తేమకు మరో బాధితురాలు కలప. కలపలో తేమ 20 శాతం దాటి, గాలి ఆడకపోతే సెర్పులా లాక్రిమాన్స్ అనే శిలీంధ్రం పట్టుకుంటుంది. అది కలపలోని సెల్యులోజును తిని, దూలాన్ని ఘనాలు ఘనాలుగా పగిలే బొగ్గుముక్కలా మారుస్తుంది. దీని పోగులు ఇటుక గోడల గుండా పాకి అవతలి ఇంటి కలపను చేరగలవు. ఉమ్మడి గోడకు ఒకవైపు నిర్లక్ష్యం ఉంటే రెండోవైపూ ప్రమాదమే.

వైభవం నుంచి పేదరికానికి

1800లో ఆమోదం పొంది 1801 జనవరి 1న అమలులోకి వచ్చిన ఐక్యతా చట్టంతో డబ్లిన్ పార్లమెంటు రద్దయింది. రాజకీయం లండన్‌కు తరలింది. దాని వెంట ప్రభువులూ తరలిపోయారు. దక్షిణ భాగంలోని ఇళ్లలో వైద్యులు, న్యాయవాదులు చేరారు. ఉత్తర భాగం దిగజారింది.

హెన్రియెట్టా వీధిలోని 14వ నంబరు ఇంటి కథ వింటే ఈ పతనం అర్థమవుతుంది. 1740ల చివర ఒక సంపన్న కుటుంబం కోసం కట్టిన ఇల్లది. 1877లో కొత్త యజమాని గదుల సంఖ్య పెంచడానికి ఘనమైన మెట్ల వరుసను తీసేసి, ఇంటిని చిన్న చిన్న వాటాలుగా అద్దెలకిచ్చాడు. 1911 జనాభా లెక్కల నాటికి ఆ ఒక్క ఇంట్లో సుమారు 100 మంది ఉన్నారు.

ఆ వీధి చివరనే కింగ్స్ ఇన్స్ అనే న్యాయవిద్యా సంస్థ ఉంది. తర్వాతి కాలంలో మన రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి 1913 నుంచి 1916 వరకు డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివినప్పుడు ఆ సంస్థ విద్యార్థి. ఆయన డబ్లిన్‌లో చదువు ప్రారంభించిన 1913లోనే, సెప్టెంబరు 2న, చర్చ్ వీధిలో రెండు అద్దె ఇళ్లు కూలి ఏడుగురు చనిపోయారు. ఆ తర్వాత జరిగిన ప్రభుత్వ విచారణలో, నగరంలో 20,000కు పైగా కుటుంబాలు ఒక్కొక్క గదిలోనే బతుకుతున్నాయని తేలింది.

కాబట్టి ఈ ఇళ్ల గురించి డబ్లిన్ వాసులందరికీ ఒకే అభిప్రాయం ఉండేది కాదు. కొందరికి అవి కళాఖండాలు. కొందరికి పరాయి పాలన గుర్తులు. నేలమాళిగలో, ఒక్క గదిలో పిల్లల్ని పెంచిన తల్లులకు అవి తప్పించుకోవలసిన చోట్లు. సంరక్షణ గురించి మాట్లాడేవారు ఈ మూడో మాటను మరచిపోకూడదు.

1963, ఆ తర్వాత

1963 జూన్ నెలలో రెండు వారాల లోపే రెండు ప్రమాదాలు జరిగాయి. బోల్టన్ వీధిలో ఇల్లు కూలి ఒక వృద్ధ దంపతుల జంట, ఫీనియన్ వీధిలో ఇల్లు కూలి ఇద్దరు చిన్నారి బాలికలు చనిపోయారు. నగర పాలక సంస్థ హడావుడిగా తనిఖీలు జరిపింది. వందలాది కుటుంబాలను ఖాళీ చేయించారు. నిజంగా ప్రమాదకరమైనవాటితో పాటు, బాగుచేయదగ్గ ఇళ్లు కూడా ఎన్నో నేలమట్టమయ్యాయి. ఇళ్లు కూలడానికి వయసు కంటే దశాబ్దాల నిర్లక్ష్యం పెద్ద కారణం. అయినా శిక్ష వయసుకే పడింది.

అదే రోజుల్లో మరో వివాదం నడిచింది. మెరియన్ స్క్వేర్ నుంచి లీసన్ వీధి దాకా దాదాపు ఒక కిలోమీటరు పొడవున ఎడతెగని జార్జియన్ వరుస ఉండేది. విద్యుత్ సరఫరా సంస్థ తన కార్యాలయం కోసం ఆ వరుసలో లోయర్ ఫిట్జ్‌విలియం వీధిలోని 16 ఇళ్లను 1965లో కూల్చివేసింది. సంస్థ పిలిపించిన వాస్తు చరిత్రకారుడు జాన్ సమ్మర్‌సన్, ఈ వరుసకు సమగ్ర రూపకల్పన అంటూ లేదని, ఇది ఇంటి తర్వాత ఇల్లు మాత్రమేనని తేల్చాడు. విడివిడిగా చూస్తే ఆయన మాటలో కొంత నిజముంది. కానీ ఒక్కొక్క పూస సాధారణమైనదే కదా అని దండ మధ్యలోంచి పదహారు పూసలు తీసేస్తే దండ మిగలదు.

ఆ స్థానంలో వచ్చిన కార్యాలయం యాభై ఏళ్లు కూడా సరిగా పనికిరాలేదు. 2017 తర్వాత దాన్నీ కూల్చి, గ్రాఫ్టన్ ఆర్కిటెక్ట్స్, ఓమాహనీ పైక్ సంస్థల రూపకల్పనలో కొత్త భవనం కట్టారు. దానికి ఇటుక ముఖం, నిలువు కిటికీలు పెట్టి వీధి లయను తిరిగి తెచ్చే ప్రయత్నం చేశారు. పాత ఇళ్ల నకలు మాత్రం కట్టలేదు.

నకలు కడితే ఏమవుతుందో మౌంట్‌జాయ్ స్క్వేర్ దక్షిణ భాగంలో చూడవచ్చు. అక్కడ కూలిన ఇళ్ల స్థానంలో జార్జియన్ ముఖాలతో కొత్త భవనాలు లేచాయి. తోటలోంచి చూస్తే స్క్వేర్ పూర్తిగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ముఖం వెనుక పాత మెట్లు, గచ్చు అలంకారాలు, దూలాలు, పొయ్యిలు ఏవీ లేవు. వీధి రూపం దక్కింది, ఇల్లు దక్కలేదు.

ఇప్పుడు ఎలా కాపాడుతున్నారు?

1958లో డెస్మండ్ గిన్నెస్, మారిగా గిన్నెస్ దంపతులు ఐరిష్ జార్జియన్ సొసైటీని స్థాపించారు. 1969-70లో హ్యూమ్ వీధిలో విద్యార్థులు కూల్చివేతకు సిద్ధమైన ఇళ్లలోనే మకాం వేసి నిరసన తెలిపారు. ప్రజాభిప్రాయం క్రమంగా మారింది. 1999, 2000 సంవత్సరాల ప్రణాళికా చట్టాలతో రక్షిత కట్టడాల జాబితాలకు గట్టి బలం వచ్చింది. జాబితాలోని ఇంటికి ముఖంతో పాటు లోపలి భాగాలకు కూడా రక్షణ ఉంటుంది. అనుమతి లేకుండా మెట్లు మార్చినా నేరమే.

పనిచేసే పద్ధతిలో కొన్ని సూత్రాలు స్థిరపడ్డాయి. ముందు నీటి దారులు చూడాలి: కప్పు, లోయ కాలువ, గొట్టాలు. తర్వాతే గోడ. సిమెంటును జాగ్రత్తగా తొలగించి సున్నం నింపాలి. డబ్లిన్‌కే ప్రత్యేకమైన విగ్గింగ్ అనే సన్నని గీతల పాయింటింగ్‌ను తెలిసిన పనివారితోనే చేయించాలి. పొట్ట పడిన గోడను కూల్చకుండా తుప్పు పట్టని ఉక్కు కడ్డీలతో లోపలి నిర్మాణానికి బిగించాలి. కుళ్లిన దూలంలో కుళ్లినంత మేర కోసి కొత్త కలప అతకాలి. 1990లో డబ్లిన్‌లో పొగబొగ్గు అమ్మకం నిషేధించాక వాడకం తగ్గిన పొగగొట్టాలను పూర్తిగా మూసేయకూడదు, గాలి ఆడనివ్వాలి.

కష్టమైన ప్రశ్నలూ ఉన్నాయి. ఈ ఇళ్లు చలికాలంలో వేడిని త్వరగా కోల్పోతాయి. గోడలకు లోపల దట్టమైన పొర అంటిస్తే వేడి నిలుస్తుంది గాని, తేమ గోడలో చిక్కుకుని దూలాల చివరలు కుళ్లే ప్రమాదముంది. అందుకే ముందుగా అటక మీద పొర వేయడం, కిటికీ సందులు సరిచేయడం, పాత చెక్క లోతలుపులను రాత్రిళ్లు మూసే అలవాటును తిరిగి తేవడం లాంటి సులువైన పనులు చేస్తారు. అగ్నిప్రమాద భద్రత, లిఫ్టు అవసరం మరో రెండు చిక్కులు. దక్షిణ భాగంలో చాలా ఇళ్లు కార్యాలయాలయ్యాయి. సాయంత్రం కాగానే వీధి నిర్మానుష్యమవుతుంది. మళ్లీ మనుషులు కాపురముండేలా చేయడానికి 2015లో లివింగ్ సిటీ అనే పన్ను రాయితీ పథకం మొదలైంది.

ఇల్లు వాడుకలో ఉంటేనే నిలుస్తుందనడానికి మెరియన్ స్క్వేర్ మంచి ఉదాహరణ. కవి యేట్స్ 82వ నంబరులో ఉండేవాడు. 1940లో స్థాపించిన డబ్లిన్ ఉన్నత విద్యాసంస్థకు చెందిన సైద్ధాంతిక భౌతికశాస్త్ర విభాగం కూడా ఈ స్క్వేర్‌లోని ఇళ్లలోనే పనిచేసింది. క్వాంటం సిద్ధాంతకర్త ఎర్విన్ ష్రోడింగర్ అక్కడే పనిచేశాడు. ప్రభువుల విందు గదులు సమీకరణాలకు కూడా సరిపోయాయి.

హెన్రియెట్టా వీధిలోని 14వ నంబరు ఇంటిని నగర పాలక సంస్థ బాగుచేయించి 2018లో మ్యూజియంగా తెరిచింది. ప్రభువుల కాలపు గచ్చు అలంకారాలతో పాటు, అద్దెకున్నవారు వేసిన రంగులు, అరిగిన నేలలు కూడా అక్కడ ఉంచారు. ఒక కాలాన్ని నిలపడానికి మరో కాలాన్ని చెరిపేయలేదు. పరాయి పాలకులు కట్టిన భవనాలను ఏం చేయాలన్న ప్రశ్న మనకూ ఉంది. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో కట్టిన హైదరాబాద్ కోఠీ రెసిడెన్సీ కూడా ఆ జార్జియన్ కాలానిదే. స్వాతంత్ర్యం తర్వాత అది మహిళా కళాశాలకు నిలయమై, తరాల తరబడి ఆడపిల్లల చదువుకు నీడనిచ్చింది.

సారాంశం

వరుస ఇల్లు ఒంటరి కట్టడం కాదు. దాని బలం పొరుగు ఇళ్లలో, దాని అందం వరుసలో, దాని ఆయుష్షు నీటిని ఆరనిచ్చే సున్నంలో ఉంది. నీరు, నిర్లక్ష్యం, పొసగని మరమ్మతు దాని ముగ్గురు శత్రువులు. చట్టం కూల్చివేతను ఆపగలదు. కాలువలో ఆకులు తీసేది మాత్రం ఆ ఇంట్లో ఉండే మనిషే.

మీరే గమనించండి

1. మీ ఊళ్లో సున్నపు గోడ ఉన్న పాత ఇల్లు ఒకటి, సిమెంటు గోడ ఉన్న ఇల్లు ఒకటి ఎంచుకోండి. వాన వెలిసిన మర్నాడు ఏ గోడ ఎలా ఆరుతుందో చూసి రాసుకోండి.

2. పాత ఇంటికి సిమెంటుతో మరమ్మతు చేసిన చోట చుట్టూ ఉన్న ఇటుకల స్థితి ఎలా ఉంది?

3. మీ వీధిలో ఉమ్మడి గోడలున్న ఇళ్లు ఎన్ని? వాటిలో ఒకటి తీసేస్తే మిగిలినవాటికి ఏమవుతుందో బొమ్మ గీసి చూడండి.